సెక్స్ పిస్టల్స్ బ్రిక్స్‌టన్ డీవీడీ: ఆడకపోతే, ఆడినా తేడాగా ఉంటే

2007 నవంబరులో బ్రిటిష్ పంక్ రాక్ బ్యాండు సెక్స్ పిస్టల్స్ మళ్లీ కలిసి లండన్‌లోని బ్రిక్స్‌టన్ అకాడమీలో ఐదు రాత్రులు షోలు చేశారు. వాళ్ల ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ వచ్చి అప్పటికి ముప్ఫయ్యేళ్లు. ఆ షోని జూలియన్ టెంపుల్ చిత్రీకరించగా, 2008లో 'దేర్‌ల్ ఆల్వేస్ బీ యాన్ ఇంగ్లండ్' పేరుతో డీవీడీ వచ్చింది. మనవాళ్ల దగ్గరికి ఇది ఎక్కువగా లండన్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో వస్తుంది, లేదా సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. తెచ్చాక ఆడదు. ఆడినా బొమ్మ తేడాగానో గొంతు సన్నగానో ఉంటుంది. డిస్కు పాడైందని పక్కన పడేసేముందు ఇవి చూడండి. చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది. ఇక్కడ చెప్పినవి విదేశాల నుంచి తెచ్చుకున్న ఏ కచేరీ డీవీడీకైనా పనికొస్తాయి, చివరి రెండూ మాత్రం పిస్టల్స్‌కే.

డిస్కు పెడితే "రీజియన్ తప్పు" అంటోంది, లేదా బయటికి తోసేస్తోంది

డీవీడీలకి ప్రపంచాన్ని ప్రాంతాలుగా పంచారు. అమెరికా 1, బ్రిటన్ 2, మన దేశం 5. ఇక్కడ కొన్న ప్లేయరు 5 అంకె ఉన్న డిస్కుల్నే ఒప్పుకుంటుంది. కవరు వెనక చిన్న గ్లోబు బొమ్మ ఉంటుంది, దాని మీద అంకె చూడండి. 0 అనో 'ఆల్' అనో ఉంటే రీజియన్ సమస్య కాదు, కింద చెప్పిన వేరే కారణాలు వెతకండి. సంగీతం డిస్కులు చాలావరకు అలా తాళం లేకుండానే వస్తాయి.

అంకె 1 లేదా 2 అయితే మీ ప్లేయరు మోడల్ నంబరు వేసి, పక్కన 'రీజియన్ ఫ్రీ కోడ్' అని నెట్‌లో వెతకండి. చాలా ప్లేయర్లలో ట్రే తెరిచి రిమోటుతో కొన్ని అంకెలు నొక్కితే తాళం పోతుంది. కొన్నింటిలో అసలు పోదు, అప్పుడు కంప్యూటరే దిక్కు. అక్కడా ఒక మెలిక ఉంది. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకునే అవకాశం ఐదుసార్లే, ఐదోసారి ఏది పెడితే అదే శాశ్వతం. కాబట్టి విండోస్ "రీజియన్ మార్చమంటారా" అని అడగ్గానే సరే నొక్కకండి. ముందు వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. అది చాలా డ్రైవుల్లో రీజియన్ జోలికి పోకుండానే ఆడిస్తుంది.

బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది, పైకి కిందికి దొర్లుతోంది

ఇంట్లో ఇంకా పాత పిక్చర్ ట్యూబు టీవీ ఉన్నవాళ్ల సమస్య ఇది. టీవీ బొమ్మని పంపే పద్ధతులు రెండు: అమెరికా డిస్కు ఎన్‌టీఎస్‌సీ, మన పాత టీవీలు పాల్. ప్లేయరు సెటప్‌లో టీవీ సిస్టమ్‌ని 'పాల్'కి మారిస్తే చాలా ప్లేయర్లు అవే మార్చి పంపిస్తాయి. ఎల్ఈడీ టీవీలు రెంటినీ తీసుకుంటాయి. బ్రిటన్ డిస్కు మనలాగే పాల్, దాంతో ఈ గొడవ లేదు.

రెండు దేశాల కాపీలూ దొరుకుతుంటే బ్రిటన్‌దే కొనండి. అక్కడ షూట్ చేసిన కచేరీ సెకనుకి 25 ఫ్రేముల లెక్కలో ఉంటుంది. దాన్ని అమెరికా లెక్కకి, అంటే దాదాపు 30 ఫ్రేములకి మార్చినప్పుడు కెమెరా పక్కకి తిరిగే చోట్ల కదలిక కొద్దిగా కుదుపుగా కనిపిస్తుంది. గీతలు కూడా తగ్గుతాయి, పాల్‌లో నిలువున 576 గీతలు, ఎన్‌టీఎస్‌సీలో 480. ఆ మార్పిడి డిస్కులోనే జరిగిపోయింది కనక ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు.

ల్యాప్‌టాప్‌లో చూస్తే డ్రమ్ము కర్రల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి

టీవీ కోసం తీసిన వీడియోలో ఒక ఫ్రేములోనే రెండు వేర్వేరు క్షణాల గీతలు ఒకటి విడిచి ఒకటి కూర్చుంటాయి. టీవీ వాటిని కలిపి చూపిస్తుంది. కంప్యూటర్‌కి మనం చెప్పాలి. వీఎల్‌సీలో వీడియో మెనూకి వెళ్లి డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్‌లో 'యాడిఫ్ 2ఎక్స్' ఎంచుకోండి. ఆ '2ఎక్స్' వదలొద్దు. మామూలు యాడిఫ్‌లో చీలికలు పోతాయి గానీ సగం కదలిక కూడా పోతుంది. పాల్ కుక్ డ్రమ్స్ వాయిస్తుంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

మనుషులు సన్నగా పొడుగ్గా సాగిపోయారు, లేదా తలలు తెగిపోతున్నాయి

వెడల్పు టీవీలో బొమ్మ ఆకారం 4:3 అని ఉండిపోయింది, 16:9 చెయ్యండి. తలలు తెగుతుంటే టీవీ రిమోటులో 'జూమ్' నొక్కి ఉంటారు, తీసెయ్యండి.

బొమ్మ ఉంది, చప్పుడు లేదు. లేదా జనం కేకల్లో పాట వినపడటం లేదు

ఈ రెండూ అన్నదమ్ములే. రెండూ ఆడియో ట్రాక్ ఎంపికలోనే తేలిపోతాయి.

చప్పుడు బొత్తిగా లేకపోతే డీటీఎస్ (ఒక రకం సరౌండ్ సౌండ్) ట్రాక్ ఎంపికై ఉంటుంది. డీటీఎస్‌ని విప్పలేని టీవీలు చాలా ఉన్నాయి. అవి తప్పు చూపించవు, ఊరికే మౌనంగా ఉంటాయి. డిస్కు మెనూలో ఆడియో విభాగానికి వెళ్లి స్టీరియో గానీ డాల్బీ గానీ పెట్టండి. మెనూలో మార్చినా రాకపోతే ప్లేయరు సెటప్‌లో డిజిటల్ అవుట్‌ని 'బిట్‌స్ట్రీమ్' నుంచి 'పీసీఎం'కి మార్చండి. అప్పుడు విప్పే పని ప్లేయరు తీసుకుంటుంది.

కేకల్లో పాట మునిగిపోతుంటే మీరు 5.1 ట్రాక్‌ని, అంటే గది చుట్టూ ఆరు స్పీకర్ల కోసం చేసినదాన్ని, రెండు స్పీకర్ల మీద వింటున్నారన్నమాట. ఆ మిక్స్‌లో గొంతు ఎక్కువగా మధ్య స్పీకరుకి వెళుతుంది, జనం చప్పుడు వెనక స్పీకర్లకి. అన్నింటినీ రెండింట్లోకి కుదించేసరికి ఆ పాళ్లు తప్పుతాయి. బ్రిక్స్‌టన్ అకాడమీలో దాదాపు ఐదు వేలమంది పడతారు. 1929లో సినిమా హాలుగా కట్టిన భవనం, నేల వేదిక వైపు వాలుగా ఉంటుంది. ముందున్న తలల మీంచి చూసే వీలుండబట్టి వెనక వరసలవాళ్లు కూడా ముందువాళ్లంత హుషారుగా అరుస్తారు. అంత కేకని పాట మీద పొయ్యకూడదు. స్టీరియో ట్రాక్ పెట్టండి, జాన్ లైడన్ గొంతు ముందుకొస్తుంది. నన్నడిగితే హోమ్ థియేటర్ ఉన్నా ఈ బ్యాండుకి స్టీరియోనే మేలు. ఒక గిటారు, ఒక బేసు, డ్రమ్స్, ఒక గొంతు. వీటిని గది చుట్టూ పరచడం దేనికి?

స్నేరు డ్రమ్ము మీద దెబ్బ కనిపించాక చప్పుడు వస్తోంది, లేదా ముందే వస్తోంది

టీవీ బొమ్మని అందంగా చెయ్యడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఈలోగా సౌండ్‌బార్ ముందే పలికేస్తుంది. టీవీలో 'గేమ్ మోడ్' పెడితే ఆ ఆలస్యం తగ్గుతుంది. సౌండ్‌బార్‌లో 'ఆడియో డిలే' ఉంటే కొద్దికొద్దిగా పెంచుతూ స్నేరు దెబ్బ కుదిరేదాకా చూడండి. చప్పుడే వెనకబడితే బ్లూటూత్ స్పీకరు కారణం, వైరు తగిలించండి. లైడన్ పెదాలు చూసి సరిచేయబోకండి, డ్రమ్ము కర్ర చూసి చెయ్యండి.

సరిగ్గా షో మధ్యలో ఆగుతోంది

ఎంతసేపు ఆగుతుందో చూడండి. అర సెకను ఆగి ముందుకు పోతే అది లోపం కాదు. పెద్ద డీవీడీల్లో రెండు పొరలు ఉంటాయి, ప్లేయరు కిరణం మొదటి పొర నుంచి రెండోదానికి దిగేటప్పుడు ఒక రెప్పపాటు పడుతుంది. ప్రతిసారీ అదే చోట జరుగుతుంది.

గళ్లుగళ్లుగా విరిగి బొమ్మ బిగుసుకుపోతే అది మరక. అది తరచూ షో మధ్యలోనే రావడానికీ కారణం ఉంది. గ్రామఫోన్ రికార్డు బయటినుంచి లోపలికి ఆడుతుంది, డీవీడీ మధ్య రంధ్రం దగ్గర మొదలై అంచువైపు వెళుతుంది. రెండు పొరలది అయితే అంచుకి వెళ్లి, పొర మారి, మళ్లీ లోపలికి వస్తుంది. అంటే షో మధ్యభాగం ఉండేది డిస్కు అంచున. మన వేళ్లు పడేదీ అక్కడే.

మెత్తటి నూలు గుడ్డ కొద్దిగా తడిపి, మధ్య నుంచి అంచుకి నిటారుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా నడిచే దారి వెంటే పడి, ప్లేయరు సరిదిద్దుకోలేనంత పొడుగవుతుంది. అడ్డగీత అయితే దాటేస్తుంది. టూత్‌పేస్టు పూసి రుద్దమనే సలహా వినకండి, గరుకు పొడితో ఇంకో పది గీతలు పడతాయి.

తుడిచినా ఆగితే వేరే రెండు పొరల డీవీడీ పెట్టి చూడండి. అదీ సగంలో ఆగితే ప్లేయరు లెన్సు మీద దుమ్ము చేరింది, లేదా లేజరు నీరసించింది. సీడీలు బాగా ఆడుతూ డీవీడీలు తడబడుతుంటే అనుమానం లేజరు మీదే.

ఇక డిస్కు అడుగు వెండి రంగులో కాకుండా ఊదా రంగులో మెరుస్తుంటే మీ చేతిలో ఉన్నది ఇంట్లో కాల్చిన నకలు. దాన్ని బాగుచెయ్యడానికి తంటాలు పడకుండా అమ్మినవాణ్ణి డబ్బులడగండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ ఆల్బమ్‌లో ఉన్న గిటారు గోడ లేదు

సౌండ్‌బార్‌లో బాస్ పెంచి లాభం లేదు. 1977 ఆల్బమ్‌ని క్రిస్ థామస్, బిల్ ప్రైస్ లండన్ వెస్సెక్స్ స్టూడియోలో తయారుచేసినప్పుడు స్టీవ్ జోన్స్ ఒకే భాగాన్ని మళ్లీమళ్లీ వాయించి పొరలుగా పేర్చాడు. బేసు కూడా చాలావరకు అతనే వాయించాడు. వేదిక మీద అతనికున్నవి రెండు చేతులే. బేసు గ్లెన్ మాట్లాక్‌ది. పాటల్లో ఎక్కువ వాటికి రాయడంలో చెయ్యి వేసిన మనిషి, రాగం తెలిసినవాడు. జోన్స్ రికార్డులో గిటారు వెనకే సూటిగా నడిపిన బేసుని మాట్లాక్ కాస్త తిప్పుతూ వాయిస్తాడు. గొంతు సంగతంటారా, 2007లో లైడన్‌కి 51 ఏళ్లు. పాత కోపం చాలాచోట్ల వెటకారంగా మారింది, నాకైతే అదే నచ్చింది.

హెడ్‌ఫోన్స్‌లో వినండి. పొరలు లేని జోన్స్ గిటారు ఎంత శుభ్రంగా, లయ తప్పకుండా ఉంటుందో తెలుస్తుంది. పంక్ అంటే వాయించడం రానివాళ్ల సంగీతం అనుకునే స్నేహితులెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

సిడ్ విషస్ ఎక్కడా కనిపించడం లేదు, డిస్కు కోత పడిందా?

కోత ఏమీ లేదు. సిడ్ 1979 ఫిబ్రవరిలోనే చనిపోయాడు. 1977 మొదట్లో మాట్లాక్ బయటికి వెళితే ఆ చోటులో వచ్చినవాడు సిడ్. 1996లో బ్యాండు మొదటిసారి తిరిగి కలిసినప్పుడు మాట్లాక్ తన చోటికి తాను వచ్చాడు, ఇందులోనూ అతనే. సిడ్ వాయిస్తుండగా చూడాలంటే 1978 జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో జరిగిన పాత బ్యాండు ఆఖరి కచేరీ వీడియో వెతుక్కోండి. సిడ్‌కి బేసు వాయించడం పెద్దగా రాదు, కాబట్టి అక్కడ బేసు వినపడకపోతే మాత్రం స్పీకర్లని అనుమానించకండి.