ఇంటిపేరు వెనక ఊరు – 4వ పాఠం: ఒకే పేరు, వేరు వేరు ఊళ్ళు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. బ్రిటన్‌లో ఇంగ్లండ్‌కు పడమటనున్న వేల్స్ దక్షిణ భాగంలోని బొగ్గు గనుల లోయల పాత కబుర్లలో ‘బ్రాక్కి’ అనే ఇటాలియన్ ఇంటిపేరు ఎందుకు అన్నిసార్లు వినబడుతుందో ఆలోచించమన్నాను. ‘ఆ ఇంటివాళ్ళు అక్కడ చాలామంది స్థిరపడి ఉంటారు’ అని రాసుకున్నారా? అయితే ఆ జవాబు కొట్టేయండి.

బ్రాక్కి కుటుంబం ఉన్నమాట నిజమే. 19వ శతాబ్దం చివర ఆ లోయల్లో కాఫీ హోటళ్ళు పెట్టిన తొలి ఇటాలియన్లలో వాళ్ళున్నారు. కానీ కొన్నాళ్ళకు ఆ పేరు మనుషుల్ని వదిలి హోటళ్ళకు అంటుకుంది. యజమాని ఇంటిపేరు సిడోలి కానీ, రబయోత్తి కానీ, సెర్వీని కానీ, గని నుంచి ఇంటికెళ్ళే కార్మికుడికి అది ‘బ్రాక్కి’యే. హైదరాబాద్‌లో ఇరానీ హోటల్ అంటాం కదా, కౌంటర్ దగ్గర కూర్చున్నాయన ఏ ఊరివాడో ఎవరూ అడగరు. ఇదీ అంతే. అందుకే జ్ఞాపకాల్లోనో పాత పత్రికలోనో ఒక ఇంటిపేరు కనబడగానే లెక్కలో వేసుకోకండి. అక్కడున్నది మనిషి పేరా, కొట్టు పేరా అన్నది ముందు తేల్చుకోండి.

ఇంతకీ ఆ సిడోలిలు, రబయోత్తిలు ఎక్కణ్ణుంచి వచ్చారు? దాదాపు అందరూ ఒకే వైపు నుంచి. ఉత్తర ఇటలీలో పార్మా జిల్లాలో, అపెనైన్ కొండల్లో బార్దీ అనే చిన్న ఊరుంది. ఎర్రటి జాస్పర్ రాతి గుట్ట మీద కోట, చుట్టూ చెనో నది లోయలో పల్లెలు. చూడ్డానికి బావుంటుంది కానీ ఆ నేల మీద పంట పండించుకుని బతకడం కష్టం. చలికాలం వస్తే పని వెతుక్కుంటూ దిగిపోవడం అక్కడివాళ్ళకు పాత అలవాటు. అలా వెళ్ళినవాళ్ళలో కొందరికి వేల్స్ కలిసొచ్చింది. గనుల్లో వారం వారం జీతాలు. పైగా 1881 చట్టంతో వేల్స్‌లో ఆదివారాలు మద్యం దుకాణాలు మూతబడ్డాయి. సెలవు రోజు నలుగురూ కూర్చోవడానికి ఒక వెచ్చని గది కావాలి. కాఫీ, ఐస్‌క్రీమ్, సిగరెట్లు అమ్మే ఇటాలియన్ హోటల్ ఆ గది అయింది. వ్యాపారం కాస్త నిలబడగానే యజమాని సొంతూరి నుంచి కుర్రాళ్ళను పిలిపించుకునేవాడు. వాళ్ళు కొన్నేళ్ళు పనిచేసి పక్క లోయలో తమ కొట్టు తెరిచేవాళ్ళు, మళ్ళీ తమవాళ్ళను పిలిపించుకునేవాళ్ళు.

ఒక ఇంటిపేరు పరాయి దేశంలో ఒకచోట గుంపుగా కనబడటానికి అసలు కారణం ఈ పిలిపించుకోవడమే. అమెరికాలో ఏ ఊళ్ళో ఏ మండలంవాళ్ళు ఎక్కువో చెప్పగలిగే తెలుగువాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక ఈ పాఠం అసలు విషయానికి వద్దాం. రబయోత్తి లాంటి అరుదైన పేరు దొరికితే మీ పని సగం అయిపోయినట్టే, అది నేరుగా బార్దీ కొండల వైపు వేలు చూపిస్తుంది. ఇబ్బంది మామూలు పేర్లతోనే. ఉదాహరణకు ‘కోంతి’ తీసుకుందాం.

‘కోంతె’ అంటే జమీందారు లాంటి ఒక బిరుదు. దాని బహువచనం కోంతి. అలాగని ఈ పేరున్న ప్రతి ఇల్లూ జమీందారీ ఇల్లనుకోవద్దు. జమీందారు దగ్గర పనిచేసినవాడికీ ఆ పేరు వచ్చేది, దర్జా పోయేవాడికి వెటకారంగానూ వచ్చేది. మన పల్లెల్లో చిల్లిగవ్వ లేనివాడిని ‘దొరగారు’ అన్నట్టు. ఇలాంటి పేరు ఒక ఊళ్ళో పుట్టి పాకదు, వంద ఊళ్ళలో విడివిడిగా పుడుతుంది. అందుకే ఇటలీ ఉత్తరాన, మధ్యలో ఎక్కడ చూసినా కోంతిలు ఉంటారు.

మొదట్లో నేను బోల్తా పడింది ఈ పేరు దగ్గరే. బ్రిటన్‌లో దొరికిన కోంతిలందరినీ ఒకే కాగితం మీద రాసి, మధ్యలో గీతలు గీసి, ఇదొక పెద్ద వంశం అనుకుని రెండు వారాలు మురిసిపోయాను. ఎవరెవరిని కలిపానో చూడండి. 1911లో లండన్‌లో పిల్లలకు నటన నేర్పే పాఠశాల మొదలుపెట్టిన నటి ఇటాలియా కోంతి. వేల్స్‌లో లాంపీటర్ ఊళ్ళో ఐస్‌క్రీమ్‌కు పేరుపడ్డ కోంతి కాఫీ హోటల్ వాళ్ళు. స్కాట్లాండ్‌లో 1934లో ఎల్గిన్‌లో పుట్టి, తర్వాత గ్లాస్గో ఆర్చిబిషప్ అయిన మారియో కోంతి. 1941లో పేయిజ్లీలో పుట్టిన నటుడు టామ్ కోంతి. నలుగురికీ ఇంటిపేరు ఒకటే. అంతకుమించి వీళ్ళను కలిపే కాగితం ఒక్కటీ నా దగ్గర లేదు. చుట్టరికం కాగితం చెప్పాలి, ఇంటిపేరు చెప్పకూడదు.

మరి మామూలు పేరుకు ఊరెలా దొరుకుతుంది? దాని పక్కనున్న పేర్లను అడగాలి.

ఆ రోజుల్లో ఇటాలియన్లు ఎక్కువగా తమ ఊరివాళ్ళనే పెళ్ళి చేసుకునేవారు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు తోడు నిలబడేదీ ఊరివాళ్ళే, ఇంట్లో అద్దెకుండేదీ ఊరి కుర్రాళ్ళే. కాబట్టి మీ కోంతి దొరికిన ప్రతి కాగితం మీదా మిగతా పేర్లన్నీ రాసుకోండి. భార్య పుట్టింటి పేరు, పెళ్ళి సాక్షులు, జనగణనలో అదే కప్పు కింద ఉన్న పనివాళ్ళు, ఎవరినీ వదలొద్దు. ఆ జాబితాలో సిడోలి, రబయోత్తి, మోరుత్సి తగిలితే బార్దీ వైపు చూడండి. నార్దీని, మోస్కార్దీని తగిలితే టస్కనీలో లుక్కా జిల్లా బార్గా వైపు. క్రోల్లా, కపాల్ది తగిలితే రోముకు ఆగ్నేయంగా కొమీనో లోయలోని పిచినిస్కో వైపు.

ఈ మూడు చోట్ల నుంచీ వచ్చినవాళ్ళు బ్రిటన్‌లో వేరు వేరు చోట్ల గుమిగూడారు. బార్గా వైపు వాళ్ళు ప్లాస్టర్ బొమ్మలు తలమీద పెట్టుకుని ఊరూరా అమ్ముకుంటూ వచ్చి, చివరికి గ్లాస్గో చుట్టుపక్కల ఐస్‌క్రీమ్ కొట్లు, చేపల వేపుడు కొట్లు పెట్టారు. ఇప్పటికీ బార్గాలో వేసవిలో చేపలు, బంగాళదుంప వేపుళ్ళ పండగ చేస్తారు. ఇటలీలో స్కాట్లాండ్ వంటకానికి పండగేమిటని నవ్వొస్తుంది కానీ, తిరిగొచ్చినవాళ్ళు డబ్బు ఒక్కటే తేరు కదా. పిచినిస్కో వైపు నుంచి తోలుతిత్తి వాయిద్యాలు వాయించేవాళ్ళు, వీధి పాటగాళ్ళు ముందు లండన్ చేరారు. తర్వాత మాంచెస్టర్, ఎడిన్‌బరోలకు పాకారు. నటుడు పీటర్ కపాల్ది తాతగారిది పిచినిస్కోయే.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో జనన, వివాహ, మరణాల నమోదు 1837 జులైలో, స్కాట్లాండ్‌లో 1855 జనవరిలో మొదలైంది. ఆలస్యమైతేనేం, స్కాట్లాండ్‌వి చాలా నయం. మరణ ధ్రువపత్రంలో కూడా తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంటాయి. ఒక్క కాగితంతో ఒక తరం వెనక్కి వెళ్ళొచ్చు. ఇంగ్లండ్ మరణ పత్రంలో ఆ సుఖం ఉండేది కాదు. అయితే ఇంగ్లండ్, వేల్స్ జనన సూచికల్లో, అంటే నమోదైన జననాలను పేర్ల వరసలో పెట్టిన జాబితాల్లో, 1911 మూడో త్రైమాసికం నుంచి తల్లి పుట్టింటి పేరు అచ్చువేశారు. ఇది మనకు నిధి. కోంతి అనే పేరు వేసి వెతికి, తల్లుల పుట్టింటి పేర్లను జిల్లాలవారీగా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. గంట కూర్చుంటే చాలు, పేర్లు వాటంతటవే గుంపులు కడతాయి.

జనగణన పుస్తకాలు 1841 నుంచి 1921 దాకా చూడొచ్చు. పుట్టిన ఊరు గడిలో ఏముంటుందోనని ఆశగా వెళ్తారు, ‘ఇటలీ’ అని ఒక్క ముక్క ఉంటుంది. నిరాశపడకండి, మనకు కావలసింది ఆ గడి కాదు, కింద వరసలోని పనివాళ్ళ పేర్లు. 1921 తర్వాత చీకటే. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 పుస్తకాలు 1942లో ఒక అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కే తీయలేదు. మధ్యలో 1939 సెప్టెంబర్‌లో తీసిన ఒక రిజిస్టర్ మాత్రం ఉంది. అందులో పుట్టిన తేదీ ఉంటుంది, ఊరు ఉండదు.

ఊరి పేరు కచ్చితంగా కావాలంటే బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్ళ దస్త్రాలు చూడాలి. అవి లండన్ శివారు క్యూలోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అందులో రాస్తారు. చిక్కేమిటంటే చాలామంది ఇటాలియన్లు పౌరసత్వం తీసుకోలేదు. నాలుగు డబ్బులు వెనకేసుకుని ఇంటికెళ్ళిపోదామనే అనుకున్నారు.

ఆ పౌరసత్వం లేకపోవడమే 1940లో ప్రాణం మీదికొచ్చింది. జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఆ రాత్రి నుంచే బ్రిటన్‌లో ఇటాలియన్ మగవాళ్ళను ఇళ్ళలోంచి, హోటళ్ళలోంచి పట్టుకెళ్ళారు. కొందరిని కెనడా పంపడానికి లివర్‌పూల్‌లో ‘అరండోరా స్టార్’ అనే ఓడ ఎక్కించారు. జులై 2న ఐర్లండ్‌కు వాయవ్యంగా జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. చనిపోయిన ఇటాలియన్లే 440 మందికి పైన. బార్దీ ప్రాంతంవాళ్ళు 48 మంది. వాళ్ళ పేరున ఆ ఊరి శ్మశానంలో ఒక చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. ఎడిన్‌బరో దగ్గర లీత్‌లో పుట్టిన శిల్పి ఎడ్వర్డో పావలోత్సికి అప్పటికి 16 ఏళ్ళు. తండ్రి, తాత, మామ ముగ్గురూ ఆ ఓడతో పోయారు.

ఈ సంగతి పాఠంలో పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. కానీ మృతుల జాబితాలో ప్రతి పేరు పక్కన పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఉన్నాయి. 1921 తర్వాతి చీకట్లో ఇంటిపేరునూ ఊరినీ పక్కపక్కన పెట్టి చూపే కాగితాల్లో అది ముఖ్యమైనది. ఏ పరిశోధకుడూ దాన్ని దాటి వెళ్ళలేడు. వరసగా చదవండి, ఒకే ఊరు కింద ఏ ఇంటిపేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో మీకే తెలుస్తుంది.

బ్రిటన్‌లో దొరికిన ఊరి పేరుతో ఇటలీ వైపు వెళ్ళినప్పుడు చాలామంది తడబడే చోట్లు కొన్నున్నాయి. అక్కడి రిజిస్టర్లలో చాలాసార్లు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. మనకు ఇది ఇంటి అలవాటే, ఇంగ్లీషువాళ్ళే గందరగోళపడతారు. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. కాబట్టి బ్రిటన్‌లో ‘శ్రీమతి కోంతి’ అయినావిడను ఇటలీలో పుట్టింటి పేరుతోనే వెతకాలి. మనిషి పేర్లు కూడా మారిపోతాయి. జుసెప్పె బ్రిటన్‌లో జో అవుతాడు, లుయీజి లూయీ అవుతాడు. పెద్ద హోటళ్ళ సంస్థ కట్టిన చార్లెస్ ఫోర్తె 1908లో పుట్టినప్పుడు కార్మినె. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు కాబట్టి బ్రాక్కిలో రెండు ‘సి’లు ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు, ‘కె’ కూడా రావొచ్చు. అన్నీ వేసి చూడండి.

జిల్లాలు మారడం ఇంకో తలనొప్పి. పిచినిస్కో పాత కాగితాల్లో కసెర్తా జిల్లాలో ఉంటుంది, 1927 తర్వాత ఫ్రొసినోనె జిల్లాలో. వేరే ఊరేమోనని టెన్షన్ పడకండి. 2016కు ముందు వరంగల్ జిల్లా అని రాసుకున్న ఊళ్ళు ఇప్పుడు ఎన్ని జిల్లాల్లో ఉన్నాయో తెలిసినవాళ్ళమే కదా. ఇటలీ దక్షిణ భాగంలో ప్రభుత్వ జనన నమోదు 1809లోనే మొదలైంది, మిగతాచోట్ల చాలావరకు 1866 నుంచి. ‘ఆంతెనాతి’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ పుస్తకాల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు.

ఇంకొక్క మాట. ఇటాలియన్ పేరంటే ఇటలీయే అనుకోవద్దు. 19వ శతాబ్దంలో లండన్‌లో మంచు, ఐస్‌క్రీమ్ వ్యాపారంతో పేరుపొందిన కార్లో గాత్తి స్విట్జర్లాండ్‌లోని తిచీనో నుంచి వచ్చాడు. అక్కడ మాట్లాడేదీ ఇటాలియనే. ఆయన మంచు గోదాములోనే ఇప్పుడు లండన్ కాలువల మ్యూజియం ఉంది.

ఈసారి పని: ‘రోస్సి’ అనే పేరు తీసుకోండి. ఎర్రజుట్టువాడనో ఎర్రటివాడనో అర్థం. ఇటలీలో దీనికన్నా మామూలు పేరు లేదు. దక్షిణాన ఇదే అర్థంతో ‘రుస్సో’ ఉంటుంది. ముందుగా 1911–1921 మధ్య జనన సూచికల్లో రోస్సి పిల్లల తల్లుల పుట్టింటి పేర్లు దక్షిణ వేల్స్‌లోని గ్లామోర్గన్ జిల్లాకు ఒక పేజీలో, లండన్‌కు ఒక పేజీలో రాయండి. తర్వాత ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ ఊళ్ళో 1950ల జననాల్లో రోస్సిలు ఎందరో, రుస్సోలు ఎందరో లెక్కపెట్టి, వాళ్ళ తల్లుల పుట్టింటి పేర్లు మూడో పేజీలో రాయండి. అక్కడి ఇటుక బట్టీల కంపెనీ యుద్ధం తర్వాత దక్షిణ ఇటలీ నుంచి కూలీలను తెచ్చుకుంది. మూడు పేజీలూ పక్కపక్కన పెట్టి, ఏ పేరు ఏ పేజీలో మాత్రమే ఉందో వాటికింద గీత గీయండి. వచ్చే పాఠం ఆ గీతల దగ్గర మొదలవుతుంది.