డాక్-ప్రీఆంప్ పెట్టగానే గుయ్‌మంటోందా? టీవీ వెనక చూడండి

డాక్ (డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చేది), ప్రీఆంప్ (ఇన్‌పుట్, వాల్యూమ్ చూసుకునేది) రెండూ ఒకే డబ్బాలో ఉన్న పరికరం కొంటారు. దాన్ని నేరుగా, స్పీకర్లని నడిపే పవర్ యాంప్లిఫైయర్‌కి కలుపుతారు. సాయంత్రానికల్లా ఫోన్ వస్తుంది: "పాడైన పీసు వచ్చిందండీ, వెనక్కి పంపేస్తున్నా." అలా పంపబోతూ నా దగ్గరికి తెచ్చిన వాటిలో నిజంగా పాడైంది ఇప్పటిదాకా ఒక్కటే. మిగతావన్నీ రెండు నిమిషాల్లో తేలిపోయేవి, చూడాల్సినచోట ఎవరూ చూడలేదంతే. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకి లాంటివి మీకు తెలుసనుకుని మొదలుపెడుతున్నాను.

శబ్దమే రావడం లేదు

టీవీ నుంచి ఆప్టికల్ వైరు పెట్టారు. డాక్ మీద ఇన్‌పుట్ సరిగ్గానే ఉంది. స్పీకర్లు మాత్రం మౌనవ్రతం. కారణం: టీవీ డాల్బీ పంపుతోంది, మీ డబ్బాకి అర్థమయ్యేది పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) ఒక్కటే. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఔట్‌పుట్ 'ఆటో' మీద ఉంటుంది, దాన్ని 'పీసీఎం' చేయండి. న్యూస్ ఛానల్‌కి శబ్దం వచ్చి ఓటీటీ సినిమాకి రాకపోతే ఇదేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. సెట్‌టాప్ బాక్సులోనూ ఇలాంటి సెట్టింగే విడిగా ఉంటుంది, అక్కడా మార్చండి.

ల్యాప్‌టాప్ అయితే, విండోస్ ఇంకా సొంత స్పీకర్లకే శబ్దం పంపుతూ ఉండొచ్చు. స్క్రీన్ కింద కుడిమూల స్పీకర్ బొమ్మ నొక్కి డాక్ పేరు ఎంచుకోండి. ఈ ఒక్క నొక్కుడు కోసం నేనొకసారి మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా వెళ్లొచ్చాను.

పేలవంగా ఉంది, లేదా నాబ్ ముట్టుకుంటే ఇల్లు అదురుతోంది

పేలవంగా ఉంటే వాల్యూమ్ డాక్‌కి ముందే ఎక్కడో తగ్గి ఉన్నట్టు. ల్యాప్‌టాప్‌లో 30, డాక్ మీద ఫుల్లు పెట్టుకుని వింటుంటారు. ముందు డాక్ నాబ్ బాగా తగ్గించండి. తర్వాత ల్యాప్‌టాప్, ఫోన్, ప్లేయర్ యాప్ అన్నీ 100కి పెంచి, ఇకమీదట డాక్ నాబ్ ఒక్కటే తిప్పండి. డాక్ నాబ్ తగ్గించకుండా మిగతావి పెంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇందులోనే ఇంకో ప్రమాదం ఉంది. చాలా డబ్బాల్లో 'డాక్ మోడ్', 'ప్రీఆంప్ మోడ్' అని రెండుంటాయి. డాక్ మోడ్‌లో నాబ్ పనిచేయదు, ఎప్పుడూ ఫుల్ ఔట్‌పుటే పోతుంది. అది నేరుగా పవర్ యాంప్లిఫైయర్‌లోకి పోతే ట్వీటర్ (స్పీకర్‌లో సన్నటి స్వరాలు పలికే భాగం) పోయినట్టే. ఒకరింట్లో పోయింది కూడా. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాక మోడ్ మళ్లీ మొదటికి వెళ్లిపోయిందని ఆయన చూసుకోలేదు. అందుకే మొదటిసారైనా, రీసెట్ చేశాకైనా, మోడ్ చూశాకే యాంప్లిఫైయర్ ఆన్ చేయండి.

మోడ్ సరిగ్గానే ఉండి, నాబ్ ఇంత కదిపితే చాలు గోలగోల అవుతుంటే అది గెయిన్ తేడా, అంటే సిగ్నల్‌ని యాంప్లిఫైయర్ ఎన్ని రెట్లు పెంచుతుందన్న దాంట్లో తేడా. మామూలుగా ఫుల్ వాల్యూమ్ దగ్గర ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు మామూలు సాకెట్లు) నుంచి 2 వోల్టులు, ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల సాకెట్లు) నుంచి 4 వోల్టులు వస్తాయి. 8 ఓమ్‌లకి 100 వాట్లు ఇచ్చే యాంప్లిఫైయర్‌కి 29 డీబీ గెయిన్ ఉంటే 1 వోల్టుకే దాని పని ఫుల్లు. అంటే ఎక్స్‌ఎల్‌ఆర్ ఇచ్చేదాంట్లో పావు వంతు చాలు, మిగతా ముప్పావు వోల్టేజ్ మీకు పనికిరాదు. రాత్రి మెల్లగా విందామంటే అడుగున రెండు మెట్లే మిగులుతాయి. పైగా స్పీకర్ దగ్గర సన్నగా బుస్‌మని ఒక చప్పుడు. డాక్‌లో లో-గెయిన్ ఉంటే అది పెట్టండి. యాంప్లిఫైయర్ వెనక గెయిన్ స్విచ్ ఉంటే తగ్గించండి. ఏదీ లేకపోతే 10 డీబీ తగ్గించే అటెన్యుయేటర్లు వైరు కొసన పెట్టుకోవచ్చు.

కొనేటప్పుడు లోపల ఏ చిప్ ఉందని అందరూ అడుగుతారు, ఈ గెయిన్ సంగతి ఒక్కరూ అడగరు. బెంచ్‌మార్క్ డాక్‌లలో ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్‌పుట్‌ని 10, 20 డీబీ తగ్గించుకోవడానికి లోపల జంపర్లు (చేత్తో మార్చే చిన్న పిన్ క్లిప్పులు) ఉంటాయి. ఆర్‌ఎంఈ వాళ్ల ఏడీఐ-2 డాక్ నాబ్‌ని బట్టి ఔట్‌పుట్ స్థాయిని తనే మార్చుకుంటుంది. అంత డబ్బు పెట్టలేకపోయినా ఔట్‌పుట్ తగ్గించుకునే ఏదో ఒక ఏర్పాటున్న డబ్బానే తీసుకోండి. చిప్ తేడా మీ చెవికి తెలియకపోవచ్చు, ఇది మాత్రం రోజూ రాత్రి తెలుస్తుంది.

గుయ్‌మంటోంది

ముందు ఆ చప్పుడేమిటో వినండి. సన్నటి బుస్ అయితే పైన చెప్పిన గెయినే. లావుగా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడ్డట్టు గుయ్‌మంటే అది కరెంటు హమ్, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ స్థాయిలోనూ దాని రెట్టింపుల్లోనూ వినిపిస్తుంది. ఇప్పుడు నాబ్ మొత్తం సున్నాకి తిప్పండి. హమ్ తగ్గితే అది నాబ్‌కి ముందే, ఏదో అనలాగ్ ఇన్‌పుట్ నుంచి వస్తోంది. రవ్వంత కూడా మారకపోతే నాబ్ దాటాక, అంటే డాక్‌కీ యాంప్లిఫైయర్‌కీ మధ్య దూరుతోంది. నాకు వచ్చే ఫోన్లలో దాదాపు అన్నీ ఈ రెండో రకమే.

దీని చేతిలో నేనూ ఘోరంగా దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో కొత్త డబ్బా పెట్టాను. వినేది ల్యాప్‌టాప్ నుంచి, యూఎస్‌బీ మీద. నాబ్ సున్నాలో ఉన్నా గుయ్. ల్యాప్‌టాప్ మీద అనుమానంతో దాన్ని పూర్తిగా పీకేశాను, హమ్ అలాగే ఉంది. డాక్ మార్పించాను, రెండో పీసూ అదే పాట. మంచివని చెప్పిన ఆర్‌సీఏ వైర్లు కొన్నాను. చివరికి యాంప్లిఫైయర్ మూత తీసి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఫిల్టర్ కెపాసిటర్లు కూడా మార్చేశాను. గుయ్ గుయ్‌గానే ఉంది.

ఒకరోజు కేబుల్ అబ్బాయి వచ్చి, కారిడార్‌లో స్ప్లిటర్ మార్చాలంటూ మా వైరు పీకి, "రేపొస్తానండీ" అని వెళ్లిపోయాడు. రేపు రాలేదు. అమ్మకి సీరియల్ పోయింది, నాకు హమ్ పోయింది. ఈ రెండిటికీ సంబంధముందని అప్పటికీ నాకు తట్టలేదు, కెపాసిటర్లు కుదురుకున్నాయేమో అనుకుని మురిసిపోయాను. మూడో రోజు వాడొచ్చి స్టూలెక్కి వైరు బిగించాడు. ఇంకా స్టూలు దిగనేలేదు, హాల్లోంచి గుయ్. టీవీ ఆపేసి ఉంది, సెట్‌టాప్ బాక్స్ స్విచ్ కూడా ఆపేసి ఉంది.

జరుగుతున్నది ఇదీ. కేబుల్ వైరు పైన చుట్టిన జాలీ ఎక్కడో స్తంభం మీదున్న కేబుల్ వాళ్ల యాంప్లిఫైయర్ దాకా వెళ్తుంది. అక్కడి ఎర్త్ వేరు, మీ ఇంటి ఎర్త్ వేరు, రెంటి మధ్యా కొంత వోల్టేజ్ తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ జాలీ సెట్‌టాప్ బాక్స్ బాడీకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ వైరు మీదుగా టీవీకి, టీవీ నుంచి ఆర్క్ వైరు (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ వైరు) మీదుగా మీ డాక్‌కి, డాక్ నుంచి ఆర్‌సీఏ వైరు జాలీ మీదుగా యాంప్లిఫైయర్‌కి, దాని త్రీపిన్ ప్లగ్ మీదుగా ఇంటి ఎర్త్‌కి చేరుతుంది. చుట్టు పూర్తయింది, అందులో కరెంటు పారుతుంది. ఆర్‌సీఏలో జాలీ కూడా శబ్దం వెళ్లే దారిలో సగం. దాని మీద పారే కరెంటు శబ్దంలో కలిసిపోతుంది.

ఎంత కరెంటు కావాలో చూడండి. జాలీకి 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుని 10 మిల్లీయాంప్‌లు పారితే 1 మిల్లీవోల్టు. 29 డీబీ యాంప్లిఫైయర్ దాన్ని 28 రెట్లు చేస్తుంది. 2.83 వోల్టులకి 87 డీబీ ఇచ్చే స్పీకర్ ఆ 28 మిల్లీవోల్టులకి 47 డీబీ ఇస్తుంది. ఊరు పడుకున్నాక హాల్లో అది చక్కగా వినిపిస్తుంది.

అందర్నీ బోల్తా కొట్టించేది ఒక్కటే: "నేను టీవీ వినడం లేదు కదా, టీవీ ఆపేశాను కదా." డాక్ మీద ఇన్‌పుట్ మారిస్తే మారేది శబ్దం దారి మాత్రమే. వెనక గుచ్చిన యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, కోయాక్సియల్ వైర్ల గ్రౌండ్లన్నీ చాలా డబ్బాల్లో లోపల ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఆపడం వేరు, పీకడం వేరు.

కాబట్టి ఇలా చేయండి. యాంప్లిఫైయర్ ఆపి ఆర్‌సీఏ వైర్లు దాని వైపు నుంచి తీసేసి, మళ్లీ ఆన్ చేయండి. అప్పుడూ గుయ్‌మంటే రోగం యాంప్లిఫైయర్‌దే. లేకపోతే మళ్లీ ఆపి ఆర్‌సీఏలు పెట్టి, డాక్ వెనక ఉన్న మిగతా వైర్లన్నీ పీకేయండి, కరెంటు వైరు ఒక్కటే ఉంచి. నిశ్శబ్దంగా ఉంటే ఒక్కో వైరూ తిరిగి పెడుతూ రండి. టీవీ వైరు పెట్టగానే హమ్ వస్తే, సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ వైరు మర తిప్పి తీయండి. పోయిందా? దొరికింది. డిష్ ఉన్నవాళ్లకీ ఇదే, డాబా మీద రెయిలింగ్‌కి బిగించిన ఇనప గొడుగు నుంచి వచ్చే వైరూ అదే పని చేస్తుంది.

వైద్యం చవక. ఆర్క్ వైరు పీకి టీవీకీ డాక్‌కీ మధ్య ఆప్టికల్ వైరు పెట్టండి. అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు, చుట్టు అక్కడే తెగిపోతుంది. టీవీ శబ్దానికి నాణ్యతలో పోయేదేమీ లేదు. పోయేది ఒక్క సుఖం: ఆర్క్‌లో టీవీ రిమోట్‌తోనే డాక్ వాల్యూమ్ మార్చుకోవచ్చు, ఆప్టికల్‌లో కుదరదు. అందుకే కొనేటప్పుడే ఆప్టికల్ ఇన్‌పుట్, సొంత రిమోట్ రెండూ ఉన్న డబ్బా చూసుకోండి. యాంప్లిఫైయర్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంటే డాక్‌కీ అది ఉన్నదే తీసుకోండి. అందులో జాలీ శబ్దం దారిలో ఉండదు కాబట్టి హమ్ చాలావరకు దూరదు. గెయిన్ సంగతి మాత్రం మర్చిపోవద్దు. కేబుల్ వైరు మధ్యలో పెట్టి ఈ చుట్టుని తెంపే ఐసోలేటర్ కూడా ఒకటుంది, మామూలు కేబుల్ కనెక్షన్‌కి పనిచేస్తుంది. డిష్‌కి పెట్టొద్దు, బాక్సు అదే వైరు మీద పైకి 13 లేదా 18 వోల్టులు పంపాలి, అది ఆగిపోతే బొమ్మే రాదు.

ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే హమ్ పోతోందంటే చుట్టు అటునుంచి. అప్పుడు యూఎస్‌బీ ఐసోలేటర్ పెట్టండి, లేదా అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తెచ్చి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

ఒక పని మాత్రం చచ్చినా చేయొద్దు. "త్రీపిన్‌లో పెద్ద పిన్ తీసెయ్యండి సార్, హమ్ పోతుంది" అనే ఎలక్ట్రీషియన్ ప్రతి వీధిలో ఒకడుంటాడు. నిజమే, పోతుంది. కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు 230 వోల్టులు యాంప్లిఫైయర్ బాడీ మీదకి, ఆర్‌సీఏ వైరు మీదుగా మీ చేతిలో ఉన్న డాక్ నాబ్ మీదకి వస్తాయి.

అసలు ఇంట్లో ఎర్త్ పనిచేస్తోందా అన్నదీ చూడండి. డాక్ బాడీ మీద వేలు పెడితే చురుక్కుమన్నా, టెస్టర్ వెలిగినా అనుమానించాల్సిందే. మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 230 దరిదాపుల్లో ఉండాలి. అటూఇటూ ఊగుతున్నా, సగమే చూపిస్తున్నా ఎర్త్ ఉన్నా లేనట్టే, మీ సామాను లీకేజీ అంతా కేబుల్ వైరు జాలీనే ఎర్త్‌గా వాడుకుంటోంది. వేసవిలో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఇలా అవుతుంది. బకెట్ నీళ్లు పోసి మళ్లీ కొలవండి, మారకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మిగతావి

ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు టక్‌మంటే పట్టించుకోకండి. ఆన్ చేయగానే ధబ్‌మంటే యాంప్లిఫైయర్‌ని అన్నిటికన్నా చివర ఆన్ చేసి, అన్నిటికన్నా ముందు ఆపండి. టర్న్‌టేబుల్ పెట్టి శబ్దం మరీ సన్నగా వస్తోందంటే మీ డబ్బాలో ఫోనో (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని పెంచే భాగం) లేదు, విడిగా కొనాలి. జిట్టర్, క్లాక్, వెండి వైరు అంటూ ఎవరైనా మొదలుపెడితే టీ తాగించి పంపేయండి.

ఆర్క్ నుంచి ఆప్టికల్‌కి మారాక అసలు శబ్దమే ఆగిపోయిందా? ఆ పీసీఎం సెట్టింగ్ మళ్లీ చూడండి, కొన్ని టీవీల్లో ఆప్టికల్‌కి విడిగా ఉంటుంది. దానికన్నా ముందు వైరు రెండు కొసలూ చూడండి. కొత్త ఆప్టికల్ వైరుకి చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, పారదర్శకంగా ఉంటాయి కాబట్టి కనపడవు. అవి తీసి గుచ్చండి.