వానలు పడేలోపే షాకులు, స్ప్రింగులు చూసుకోండి: వైజాగ్‌లో స్పోర్ట్స్ కారు నడిపేవాళ్లకి

జూన్‌లో వానలు మొదలయ్యాక గుంత ఎక్కడుందో కనపడదు, నీళ్లు నిండి రోడ్డుతో సమానంగా ఉంటుంది. అందుకని షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు మార్చే పని ఉంటే మే నెలలోపే తేల్చుకోండి. బయటి దేశం నుంచి రావాల్సిన పార్టులైతే వారాలు పడుతుంది, ఏప్రిల్‌లోనే ఆర్డర్ పెట్టాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా రెండు డోర్ల కారుకి 40 మి.మీ. కిందకి దించే స్ప్రింగులు వేయించాను. షాకులు మాత్రం పాతవే, "అవి బాగానే ఉన్నాయి సార్, దండగ" అన్నారు షాపులో. చూడ్డానికి చాలా బాగుంది. మొదటి వానకి రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే మలుపులో చక్రం గుంతలో పడింది, కారు లోపల దబ్బుమని కొట్టింది, వెనకభాగం పక్కకి జారింది. పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఎదురుగా బండి రాలేదు కాబట్టి బయటపడ్డాం.

జరిగింది ఇదీ. కారు బరువు మోసేది, ఎత్తు నిలబెట్టేది స్ప్రింగు. ఆ స్ప్రింగు అదేపనిగా ఊగకుండా పట్టి ఉంచేది షాకు, ఊపుని లోపలి ఆయిల్‌లో వేడిగా మార్చేస్తుంది. చక్రం పైకి లేవడానికి ఉన్న ఖాళీనే ట్రావెల్ అంటాం. 40 మి.మీ. దించామంటే ఆ ఖాళీలోంచి 40 మి.మీ. తినేశాం. అది అయిపోగానే సస్పెన్షన్ రబ్బరు బంప్ స్టాప్ మీద పడుతుంది, అక్కడ్నుంచి స్ప్రింగు ఉన్నట్టుండి రాయిలా గట్టిపడినట్టే, టైరుకి తడి రోడ్డు మీద పట్టు పోతుంది. పైగా పాత షాకుకి కొత్త గట్టి స్ప్రింగుని వెనక్కి పట్టి లాగే శక్తి లేదు. అందుకే స్ప్రింగుని, షాకుని ఒక జతగానే కొనండి. రెండింటికీ డబ్బు సరిపోకపోతే ముందు షాకులు మార్చండి, కంపెనీ స్ప్రింగులు అలాగే ఉంచండి. రోజూ నడిపే కారుకి నా మాట ఇదే: ఎత్తు తగ్గించకండి, మంచి షాకులు వేయండి. కారు నడకలో వచ్చే తేడా మీకే తెలుస్తుంది.

పేర్లు చూసి తికమక పడొద్దు. బిల్‌స్టైన్, కోనీ షాకులు తయారుచేసే కంపెనీలు. బిల్‌స్టైన్‌లో బి6 కారుతో వచ్చిన మామూలు ఎత్తు స్ప్రింగులకి, బి8 దించిన స్ప్రింగులకి; బి8లో షాకు పొట్టిగా ఉంటుంది, దాన్ని మామూలు ఎత్తు కారుకి వేస్తే చక్రం కిందకి దిగడానికి చోటు చాలదు. కోనీ స్పోర్ట్ అయితే పసుపు రంగువి, స్ప్రింగు తిరిగి చాచుకునే వేగాన్ని, అంటే రీబౌండ్‌ని సర్దుకోవచ్చు. అలాగని చివరిదాకా బిగించేయకండి: వరసగా గుంతలొస్తే చక్రం కిందకి దిగేలోపే ఇంకో గుంత వస్తుంది, కారు మెల్లిగా కిందకే కూర్చుంటూ పోతుంది.

ఇక స్ప్రింగు గట్టిదనం అంకెలు, అంటే స్ప్రింగుని ఇంత నొక్కడానికి ఎంత బరువు కావాలన్నది. ఒకరు కిలో/మి.మీ. అంటారు, ఇంకొకరు పౌండ్/అంగుళం అంటారు. 1 కిలో/మి.మీ. అంటే దాదాపు 56 పౌండ్/అంగుళం, ఆర్డర్ పెట్టేముందు ఏ లెక్కో అడగండి. వేరే కారువాడు 8 కిలోలు వేశాడని మీరూ వేయకండి, స్ప్రింగు చక్రానికి ఎంత లోపలికి ఉందో దాన్నిబట్టి చక్రం దగ్గర గట్టిదనం మారుతుంది. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగు 7 మి.మీ.లే నొక్కుకునే కారులో, స్ప్రింగు గట్టిదనంలో సగమే చక్రానికి అందుతుంది. తీగ మందంలో చిన్న తేడా కూడా పెద్దదే. మిగతా కొలతలు అవే ఉంటే 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. అయితే దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. ఒక చుట్టు కోసి దించుతామనే షాపులోంచి మాత్రం అప్పుడే బయటకి వచ్చేయండి. కోసిన కొస సీటులో, అంటే స్ప్రింగు కూర్చునే గిన్నెలో, సరిగ్గా కూర్చోదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు చోటు తప్పొచ్చు.

మన ఊళ్లో ఉప్పుగాలి సంగతి కూడా చూడాలి. బీచ్ రోడ్డు పక్కన కారు పెట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. స్ప్రింగు అడుగు చుట్టు, సీటు దగ్గర నీళ్లూ ఇసుకా ఆగుతాయి, పెయింటు లేచిన చోట తుప్పు పట్టి అక్కడే విరుగుతుంది. టార్చ్ వేసి చూడండి. షాకు మీద సన్నటి తడి ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆయిల్ కారి కిందకి వస్తుంటే మార్చాలి. టైరు అంచున ఎత్తుపల్లాలుగా అరిగినా అది షాకు పనే కావచ్చు. బానెట్ మీద నొక్కి ఊపి చూడడాన్ని నమ్ముకోకండి, బాగా పోయిన షాకు మాత్రమే అలా దొరుకుతుంది.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక్క మాట. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధనల్లో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు అని ఉంది, గంటకి 25 కి.మీ. వేగంలో దాటేలా. కాలనీల్లో వేసినవాటికి ఆ లెక్క ఉండదు. ఒక టేపుతో మీ రోజువారీ దారిలో బ్రేకర్లు కొలిచి, కారు అడుగుభాగం నేలకి ఎంత ఎత్తులో ఉందో దానితో పోల్చుకున్నాకే ఎంత దించాలో నిర్ణయించండి. కంపెనీ స్పెసిఫికేషన్ మారితే, బండిలో మార్పులకి హద్దు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఇన్సూరెన్స్‌వాళ్లని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

బిగించేటప్పుడు మీరు దగ్గరుండండి. స్ప్రింగుని నొక్కే కంప్రెసర్ జారితే మనిషి ప్రాణం పోతుంది, ఆటోనగర్‌లో అయినా సొంత గ్యారేజీలో అయినా ఆ పనిముట్టు మంచిదో కాదో చూసుకోండి. ముందు రెండూ ఒకేసారి, వెనక రెండూ ఒకేసారి మార్చాలి. పై మౌంటు (షాకుని పైన బాడీకి పట్టి ఉంచేది), బంప్ స్టాప్, డస్ట్ బూట్ (షాకు కడ్డీకి దుమ్ము పట్టకుండా ఉండే తొడుగు) కూడా కొత్తవి వేయించండి, పాతవి పెట్టి మళ్లీ విప్పితే కూలి రెండింతలు. షాకు కడ్డీని పట్టకారుతో పట్టనివ్వకండి, ఆ గీత సీలుని చింపేస్తుంది. రబ్బరు బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాల) బోల్టులకి చివరి బిగింపు కారు నేల మీద నిలబడ్డాకే, గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి.

బిగించిన రోజే అరకు ఘాట్‌కి బయల్దేరకండి. కొత్త స్ప్రింగులు కొంచెం కూర్చుంటాయి కాబట్టి నాలుగు చక్రాల దగ్గరా, ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్యవరకు కొలిచి రాసిపెట్టుకుని, ఊళ్లోనే ఒక 500 కి.మీ. తిరిగాక మళ్లీ కొలిచి, బోల్టులు మళ్లీ చూపించి, తేడా ఉంటే అలైన్‌మెంట్ ఇంకోసారి చేయించుకుని, అప్పుడు ఎస్.కోట మీదుగా కొండెక్కండి.