స్పేస్ నొక్కితే పేజీ జారిపోతోందా? మా ఇంట్లో ఇలా సరిచేశాం

మా అమ్మాయి బ్రౌజర్‌లో ఆడే ఉచిత పరుగు ఆటలో, బొమ్మ ఎగరాలని స్పేస్ నొక్కితే పేజీయే కిందికి జారిపోయేది. ఆట కనపడక పిల్ల టెన్షన్ పడేది.

స్పేస్, బాణం కీలతో పేజీ జరపడం బ్రౌజర్‌కి మామూలు పని. దాన్ని ఆపాలంటే ఆట కోడ్‌లో ‘ప్రివెంట్ డిఫాల్ట్’ అని ఒక్క లైను రాయాలి. పిల్లల ఆటలో అది కూడా రాయకపోవడం అన్యాయం. పైగా ఆట చాలాసార్లు ఐఫ్రేమ్ అనే వేరే చట్రంలో ఉంటుంది. ఫోకస్, అంటే నొక్కిన కీ చేరే చోటు, ఆ చట్రం బయట ఉంటే కీ ఆటకు అందదు.

ముందు ఆట చట్రం లోపల క్లిక్ చేశాం, కొంత నయం. తర్వాత కంట్రోల్ పట్టుకుని మైనస్ నొక్కుతూ, పేజీ మొత్తం తెరలో పట్టేదాకా చిన్నది చేశాం. జరగడానికి చోటు లేక జారడం పూర్తిగా ఆగింది. ఫుల్‌స్క్రీన్ బటన్ ఉన్న ఆటైతే ముందు అదే నొక్కి చూడండి.