హెచ్‌టీఎంఎల్: ట్యాగులు కొన్ని చాలు, యాట్రిబ్యూట్ల దగ్గరే జాగ్రత్త

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ మొదలుపెట్టగానే వంద ట్యాగుల లిస్టు వెతికి బట్టీ పట్టే పని మాత్రం పెట్టుకోకండి. 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ మొదటిసారి బయటపెట్టిన వివరణలో ఉన్నవే 18. ఇప్పుడు చాలా పెరిగాయి కానీ, మామూలు పేజీకి పది పన్నెండు వస్తే పని జరిగిపోతుంది.

నోట్‌ప్యాడ్ తెరవండి. ఫైల్‌కి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టి సేవ్ చేసేటప్పుడు టైప్ దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోండి, లేకపోతే చివర డాట్ టీఎక్స్‌టీ వచ్చి చేరుతుంది. తర్వాత డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, నెట్ కూడా అక్కర్లేదు.

ట్యాగ్ అంటే ఒక పేరు, దానికి ముందు లెస్ దాన్ గుర్తు, వెనక గ్రేటర్ దాన్ గుర్తు. మూసేటప్పుడు పేరు ముందు స్లాష్ పెడతాం. ఐఎంజీ (ఫొటో), బీఆర్ (కొత్త లైను), మెటా (పేజీ గురించిన వివరం) లాంటివాటికి లోపల పెట్టేదేమీ ఉండదు కాబట్టి మూసే ట్యాగే లేదు. ఒకదాని లోపల ఇంకొకటి తెరిస్తే లోపలిది ముందు మూయాలి.

పేజీలో మొదటి లైను డాక్‌టైప్, అంటే ఇది హెచ్‌టీఎంఎల్ పేజీ అని బ్రౌజర్‌కి చెప్పే లైను. అది లేకపోతే బ్రౌజర్ పాతకాలం పేజీ అనుకుని పాత పద్ధతిలో చూపించే క్విర్క్స్ మోడ్‌లోకి వెళ్తుంది, ఆ తర్వాత డిజైన్ ఎందుకు తేడాగా ఉందో తెలియక తల పట్టుకుంటారు. దాని కింద హెచ్‌టీఎంఎల్ ట్యాగ్, అందులో హెడ్, బాడీ. హెడ్‌లో టైటిల్‌తో పాటు మెటా ట్యాగ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయండి. తెలుగులో రాసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఇది లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించే ప్రమాదం ఉంది.

బాడీలో హెడింగులకి హెచ్1 నుంచి హెచ్6, పేరాకి పీ, లిస్టుకి యూఎల్ (చుక్కలతో) లేదా ఓఎల్ (నంబర్లతో), వాటి లోపల ఒక్కో అంశానికీ ఎల్ఐ. అక్షరాలు పెద్దగా కనపడాలని హెచ్1 వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. ట్యాగ్ చెప్పేది ఆ మాట పేజీలో ఏమిటనేది, ఎలా కనపడాలన్నది సీఎస్ఎస్ అనే డిజైన్ భాష చూసుకుంటుంది.

అసలు తిప్పలు యాట్రిబ్యూట్ల దగ్గర, అంటే ట్యాగ్‌కి అదనపు వివరాలు ఇచ్చే చోట. తెరిచే ట్యాగ్ లోపలే పేరు, ఈక్వల్ గుర్తు, కోట్స్‌లో విలువ, అంతే రాయాలి. వర్డ్‌లోంచో చాట్‌లోంచో కాపీ చేస్తే వంకర కోట్స్ వచ్చేస్తాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ బ్రౌజర్ వాటిని కోట్స్‌గా తీసుకోదు. లింక్ కోసం 'ఏ' (a) అనే ట్యాగ్‌లో హెచ్‌రెఫ్ పెడతాం కదా, వేరే సైట్ అడ్రస్ అయితే హెచ్‌టీటీపీఎస్‌తో సహా మొత్తం రాయాలి, లేకపోతే అది మీ ఫోల్డర్‌లోని ఫైల్ పేరే అనుకుని అక్కడే వెతుకుతుంది. ఫొటోకి ఐఎంజీ ట్యాగ్‌లో ఎస్ఆర్‌సీ ఇస్తాం. విండోస్‌లో చక్కగా కనిపించిన ఫొటో సర్వర్‌కి ఎక్కించాక మాయమైతే ముందు ఫైల్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడండి, లైనక్స్ సర్వర్లు ఆ రెండింటినీ వేరుగా చూస్తాయి. ఆల్ట్ అనే యాట్రిబ్యూట్‌లో ఆ ఫొటోలో ఏముందో ఒక్క వాక్యం రాయండి, ఫొటో లోడ్ కాకపోతే కనిపించేదీ, చూపులేనివాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేదీ అదే. 'ఫొటో' అని రాసి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. విడ్త్, హైట్ కూడా ఇస్తే లోడ్ అయ్యేటప్పుడు కింద ఉన్న రాత ఒక్కసారిగా జారిపోదు.

ట్యాగులకి పేర్లు పెట్టే యాట్రిబ్యూట్లు ఐడీ, క్లాస్. ఒక ఐడీ పేరు పేజీలో ఒక్కదానికే ఇవ్వాలి, ఒకే క్లాస్ పేరు ఎన్నిటికైనా ఇవ్వొచ్చు.

ఇంకో సంగతి, మీరు తప్పు రాసినా బ్రౌజర్ ఎర్రర్ చూపించదు, తనకి తోచినట్టు సర్దుకుని పేజీ చూపించేస్తుంది. అందుకే పేజీ కనిపిస్తోంది కదా అని వదిలేయకుండా వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ వాళ్ల వ్యాలిడేటర్‌లో (కోడ్‌లో తప్పులు చూపించే సైట్) మీ కోడ్ పేస్ట్ చేయండి, డబ్బులేం అడగదు. ఎర్రర్లు బోలెడు వస్తే టెన్షన్ పడకండి, అన్నిటికంటే పైనున్నది సరిచేసి మళ్లీ చెక్ చేయండి, కింద ఉన్నవాటిలో చాలావరకు దాని వల్ల వచ్చినవే అయి ఉంటాయి.