నిద్ర నుంచి లేవని లినక్స్ కంప్యూటర్: డిస్కును కాపాడుకునే పద్ధతి

ల్యాప్‌టాప్ మూత తెరిచినా తెర నల్లగానే ఉండి, ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటే, చేయి ముందుగా పవర్ బటన్ మీదికే వెళ్తుంది. ఆ బటన్‌ను నొక్కి పట్టుకోవడం మొదటి చర్య కాకూడదు. సస్పెండ్‌కు (పనిని ర్యామ్‌లోనే ఉంచే నిద్రకు) వెళ్లే ముందు లినక్స్ కెర్నల్ (వ్యవస్థ మొత్తాన్ని నడిపే మూలభాగం), మామూలు అమరికలో, ర్యామ్‌లో మిగిలి ఉన్న ఫైళ్ల సమాచారాన్ని డిస్కుకు రాసేస్తుంది. అందువల్ల నిద్రలోనే ఆగిపోయిన యంత్రం కన్నా సగం మేలుకున్న యంత్రమే డిస్కుకు ఎక్కువ ప్రమాదకరం. తెర రాకపోయినా లోపల ప్రోగ్రాములు మళ్లీ మొదలై డిస్కు మీద రాస్తూ ఉండవచ్చు. ఆ క్షణంలో కరెంటు తీసేస్తే రాత సగంలో తెగిపోతుంది.

కాబట్టి ముందుగా యంత్రంలో ప్రాణం ఉందో లేదో చూడాలి. క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం మారుతున్నదంటే కెర్నల్ పని చేస్తున్నట్లే. ఎస్ఎస్‌హెచ్ ముందే అమర్చి ఉంటే మరో కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లి, క్రమపద్ధతిలో రీబూట్ చేయవచ్చు. అది కుదరకపోతే ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (ప్రింట్ స్క్రీన్) మీటలను కలిపి పట్టుకుని, కొన్ని సెకన్ల ఎడంతో ఎస్, యూ, బీ అక్షరాలను వరుసగా నొక్కాలి. మొదటిది మిగిలిన రాతలను పూర్తి చేయిస్తుంది, రెండవది ఫైల్ సిస్టమ్‌లను (డిస్కులో ఫైళ్లు అమరి ఉండే ఏర్పాట్లను) చదవడానికి మాత్రమే వీలయ్యేలా మారుస్తుంది, మూడవది రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ మీటలతో ఏ పనులకు అనుమతి ఉందో నిర్ణయించే అమరికకు ముందే ఉండే విలువ 176; అది సరిగ్గా ఈ మూడింటికే అనుమతిస్తుంది. దీనికీ స్పందన లేనప్పుడు ఇక పవర్ బటనే గతి.

యంత్రం వెళ్లింది సస్పెండ్‌కా, హైబర్నేట్‌కా అన్నది ఇక్కడ తప్పక తేల్చుకోవాలి. హైబర్నేట్‌లో ర్యామ్‌లోని విషయం ప్రతిబింబంగా స్వాప్‌లోకి (ర్యామ్‌కు తోడుగా డిస్కులో కేటాయించిన చోటులోకి) చేరుతుంది. ఫైల్ సిస్టమ్ ఎలా ఉన్నదన్న కెర్నల్ జ్ఞాపకం కూడా అందులోనే ఉంటుంది. ఈలోగా లైవ్ పెన్‌డ్రైవ్‌తోనో (లినక్స్‌ను నేరుగా నడిపే పెన్‌డ్రైవ్‌తోనో), పక్కనున్న మరో లినక్స్‌తోనో ఆ పార్టిషన్‌ను (డిస్కు భాగాన్ని) మౌంట్ చేసి, అంటే వాడకానికి తెరిచి, తర్వాత పాత ప్రతిబింబం నుంచి లేపితే, కెర్నల్ తన పాత జ్ఞాపకాన్ని మారిపోయిన డిస్కు మీద రుద్దుతుంది. ఫైల్ సిస్టమ్ కోలుకోలేనంతగా పాడయ్యేది ఇలాంటప్పుడే. ‘చదవడానికి మాత్రమే’ అని మౌంట్ చేశాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే చాలా లినక్స్‌లలో వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ అప్పుడు సైతం జర్నల్‌ను (చేయబోయే మార్పులను ముందే రాసుకునే పట్టీని) తిరిగి నడిపించి డిస్కుపై రాస్తుంది. ఒకసారి పార్టిషన్‌ను తాకి ఉంటే, గ్రబ్‌లో (బూట్ సమయంలో వచ్చే మెనూలో) కెర్నల్ వరుస చివర ‘నోరెజ్యూమ్’ చేర్చి, ఆ ప్రతిబింబాన్ని వదులుకుని బూట్ చేయాలి. సేవ్ చేయని పని పోతుంది, డిస్కు మిగులుతుంది.

బూట్ సమయంలో ‘రికవరింగ్ జర్నల్’ అన్న మాట కనిపించి యంత్రం ముందుకు సాగితే కంగారు అక్కరలేదు. జర్నల్ ఉన్నదే అందుకు. ఎఫ్ఎస్‌సీకేను (ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించి బాగుచేసే కమాండ్‌ను) మీరే నడపమని చెప్పి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ తొలి దశలోని చిన్న వ్యవస్థ) వద్ద ఆగితేనే అసలు పని మొదలవుతుంది. అక్కడికక్కడే అన్ని ప్రశ్నలకూ ‘అవును’ అనే మైనస్ వై ఐచ్ఛికంతో మరమ్మతు చేయడం చాలామంది ఇచ్చే సలహా, నా దృష్టిలో చెడ్డ సలహా. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, దేనినీ మౌంట్ చేయకుండా, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్’తో సరైన పార్టిషన్‌ను గుర్తించండి. (కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాను, టైపు చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాలలో.) డిస్కు లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ముందు క్రిప్ట్‌సెటప్‌తో తాళం తీయాలి.

తరువాత స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూడాలి. చదవడంలోనే లోపాలు వస్తున్నాయంటే అది ఫైల్ సిస్టమ్ సమస్య కాదు, డిస్కు సమస్య. అలాంటి డిస్కు మీద మరమ్మతు నడిపితే మిగిలినదీ పోవచ్చు. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మరో డిస్కులోకి నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయాలి. డిస్కు బాగానే ఉన్నా, బ్యాకప్ లేని విలువైన ఫైళ్లు ఉంటే నకలు తీయడమే మేలు.

ఇప్పుడు, ఎక్స్‌ట్4 అయితే, ఆ పార్టిషన్ మీద ‘ఈ2ఎఫ్ఎస్‌సీకే మైనస్ ఎఫ్ మైనస్ ఎన్’ నడపండి. ఇది దేనినీ మార్చదు. అయితే జర్నల్‌ను నడపకుండానే చూస్తుంది కాబట్టి, ఉన్నవాటికన్నా ఎక్కువ తప్పులు చూపించవచ్చు. జాబితా చిన్నదైతే మైనస్ ఎన్ తీసేసి మళ్లీ నడిపి, ప్రశ్నలను చదివి జవాబివ్వండి. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ మూల వివరాలుండే చోటు) పాడైందంటే, 4 కేబీ బ్లాకులున్న ఫైల్ సిస్టమ్‌కు ‘మైనస్ బీ 32768’తో దాని నకలును వాడవచ్చు. పని ముగిశాక ఎగ్జిట్ కోడ్ 1 అయితే తప్పులు సరిదిద్దబడ్డాయి, 4 అయితే ఇంకా మిగిలాయి. చిరునామా పోయిన ఫైళ్లు లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీలో అంకెల పేర్లతో చేరుతాయి. అవి ఏ రకానివో ‘ఫైల్’ కమాండ్ చెబుతుంది.

ఎక్స్‌ఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు ఈ దారి చెల్లదు: మొదట మౌంట్ చేసి లాగ్‌ను (దాని జర్నల్‌ను) నడవనివ్వాలి, దాని మరమ్మతు కమాండ్‌లో లాగ్‌ను చెరిపేసే మైనస్ పెద్ద ఎల్‌ను చిట్టచివరికి ఉంచుకోవాలి. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో ‘చెక్ రిపేర్’ జోలికి పోకుండా, ‘రిస్టోర్’తో ఫైళ్లను బయటికి తీసుకోవడం ముందు జరగాలి.

ఫైల్ సిస్టమ్ శుభ్రమైనంత మాత్రాన ఫైళ్లలోని విషయం క్షేమమని కాదు. మామూలు అమరికలో ఎక్స్‌ట్4 జర్నల్ కాపాడేది నిర్మాణాన్ని, విషయాన్ని కాదు. ఉబుంటులో డెబ్‌సమ్స్, ఫెడోరాలో ‘ఆర్‌పీఎం మైనస్ వీఏ’ (ఇందులో వీ మాత్రం పెద్ద అక్షరం) సిస్టమ్ ఫైళ్లను సరిచూస్తాయి. సొంత ఫైళ్లను బ్యాకప్‌తో పోల్చుకోవాలి.

చివరిగా కారణం వెతకాలి. ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1’లో ‘సస్పెండ్ ఎంట్రీ’ దగ్గరే వరుసలు ఆగిపోతే, నిద్ర నుంచి లేవలేదనడానికి అది గట్టి ఆధారం. అయితే ఎన్‌వీఎంఈ డిస్కే (వేగమైన ఒక రకం ఎస్ఎస్‌డీయే) మేలుకోకపోతే దాని గురించి రాసుకునే చోటే ఉండదు, లాగ్ మౌనంగా ఉంటుంది. బయాస్, డిస్కు ఫర్మ్‌వేర్లను నవీకరించి, ఆపైన ‘ఎన్‌వీఎంఈ కోర్’ మాడ్యూల్‌లోని విద్యుత్ పొదుపు గడువును 0 చేసి చూడండి. కెర్నల్‌లోని ‘పీఎం టెస్ట్’ సదుపాయం, అది అందుబాటులో ఉన్న కెర్నళ్లలో, నిద్రను దశలవారీగా పరీక్షించి ఏ దశలో చిక్కుందో చూపుతుంది. ఆ పరీక్షలు బ్యాకప్ తీశాకే చేయాలి. కారణం తేలేదాకా ‘సిస్టమ్‌సీటీఎల్ మాస్క్’తో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్ టార్గెట్లను మూసివేసి, పని అయిన ప్రతిసారీ యంత్రాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి.