వేక్‌సర్ఫ్ బోర్డు: తూచి కొనాలి, నీడన దాచాలి

డల్లాస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువారిలో నాలుగైదు కుటుంబాలు కలిసి వేసవిలో ఒక పడవను అద్దెకు తీసుకుని, లూయిస్‌విల్ సరస్సు మీదో ట్రావిస్ సరస్సు మీదో ఒక పూట గడపడం కొత్త సంగతేమీ కాదు. అలాంటి పూట వేక్‌సర్ఫింగ్ చేస్తూ, అంటే పడవ వెనుక లేచిన అల మీద బోర్డుపై నిలబడి, చేతిలోని తాడు వదిలేశాక కూడా మునగకుండా సాగిపోయినవారికి సొంత బోర్డు కొనాలన్న కోరిక వెంటనే పుడుతుంది. అయితే దుకాణంలో రంగులు చూసి ఎంచుకున్న బోర్డు చాలాసార్లు గరాజులో గోడకు ఆనుకునే మిగిలిపోతుంది. కొనేవారు చూడవలసినవి తమ బరువు, తాము వెళ్లే పడవ లేపే అల, ఆ బోర్డును దేనితో చేశారన్న విషయం.

అన్నిటికంటే ముందు పడవ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఆటలో మనిషి పడవకు కొద్ది అడుగుల దూరంలోనే ఉంటాడు కాబట్టి, ప్రొపెల్లర్ వెనుకకు పొడుచుకు వచ్చే అవుట్‌బోర్డ్, స్టెర్న్‌డ్రైవ్ పడవల వెనుక దీనిని ఎట్టి పరిస్థితిలోనూ ఆడకూడదు. ప్రొపెల్లర్ పడవ అడుగున లోపలికి ఉండే ఇన్‌బోర్డ్ పడవే కావాలి. వేగం సాధారణంగా గంటకు 10 నుంచి 12 మైళ్ల మధ్య ఉంటుంది. లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలోకి దిగకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు పడవ వెనుక అంచున ఎవరూ కూర్చోకూడదు, ఎందుకంటే అక్కడ చేరే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

బోర్డులు ప్రధానంగా రెండు రకాలు. సర్ఫ్ రకం బోర్డు మందంగా ఉండి బాగా తేలుతుంది, దాని ఫిన్‌లు, అంటే అడుగున ఉండే రెక్కలు, పెద్దవి కావడం వల్ల అలను గట్టిగా పట్టుకుంటుంది. స్కిమ్ రకం పలుచగా, చిన్న ఫిన్‌లతో ఉండి, కాలితో కొద్దిగా తిప్పితే చాలు గిర్రున తిరుగుతుంది. తిరగడం నేర్చినవారికి ఆ గుణమే వరం, నిలబడడమే ఇంకా రానివారికి అదే చిక్కు. కాబట్టి మొదటి బోర్డుగా సర్ఫ్ రకాన్నే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పొడవు విషయంలో తయారీదారు ఇచ్చే బరువుల పట్టికను అనుసరించాలి. మీ బరువు రెండు కొలతల మధ్య పడితే పెద్ద కొలతనే ఎంచుకోండి, అద్దె పడవ అల చిన్నదైనప్పుడు ఆ అదనపు అంగుళాలే మిమ్మల్ని తేలుస్తాయి. ఇంట్లో అందరూ వాడే బోర్డయితే అందరిలోకి బరువైన వ్యక్తిని లెక్కలోకి తీసుకోవాలి. ఆ వ్యక్తి ఎవరన్న చర్చ దుకాణంలో కాక ఇంట్లోనే ముగించుకోవడం ఉత్తమం.

ఇక తయారీ విషయానికి వస్తే, అచ్చులో ఒత్తి చేసిన బోర్డులు కొంచెం బరువుగా ఉన్నా దెబ్బలకు తట్టుకుంటాయి, ధర కూడా తక్కువ. తెల్లటి థర్మోకోల్ వంటి ఫోమ్‌ను మధ్యలో ఉంచి, పైన ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ పొరను ఎపాక్సీ అనే జిగురుతో అతికించి చేసినవి తేలికగా, చురుకుగా ఉంటాయి. అయితే వాటి పైపొర ఒక్కచోట చిట్లినా లోపలి ఫోమ్ నీటిని పీల్చుకుంటుంది. పిల్లలు, అతిథులు, పడవ అంచులు కలిసే చోట మొదటి రకమే క్షేమం. పాత బోర్డు కొంటున్నట్లయితే కుండను కొనేటప్పుడు తట్టి చూసినట్లు దానిని వేలి కణుపుతో పొడవునా తట్టి చూడాలి. ఒకచోట శబ్దం మారినా, బొటనవేలితో నొక్కినప్పుడు పొర లోపలికి దిగినా, ఫిన్ గుంటల చుట్టూ సన్నని పగుళ్లు కనిపించినా వదిలేయడమే మేలు.

ఇండియా ప్రయాణానికి 23 కిలోల సూట్‌కేసులను తూచడానికి కొన్న చేతి తూనిక మన ఇళ్లలో ఉండనే ఉంటుంది. బోర్డు కొన్న రోజునే, ఇంకా తడి తగలకముందే, దానితో బరువు తూచి రాసిపెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా పూర్తిగా ఆరిన బోర్డు ఆ అంకె కంటే బరువు తూగితే, కంటికి కనిపించని చిల్లు ఎక్కడో ఉందని అర్థం.

ఈ ఫోమ్ బోర్డులకు నీటి కంటే ఎండే పెద్ద శత్రువు. టెక్సస్ వేసవిలో అద్దాలు మూసిన కారు లోపల ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి పైపొరను పైకి తోస్తుంది, దాంతో బుడగలాగా ఉబ్బుతుంది. నల్లటి కార్బన్ బోర్డు వేడిని మరింత పీల్చుకుంటుంది. అందువల్ల వాడిన వెంటనే మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టాలి. పడవ పక్కనున్న ర్యాక్ సరస్సు మీద వాడడానికే గానీ హైవే ప్రయాణానికి కాదు. పడవను ట్రెయిలర్ మీద లాగేటప్పుడు బోర్డులను తీసి లోపల భద్రపరచాలి.

చిట్లిన బోర్డును ఆ రోజుకు ఇక నీటిలోకి దించకూడదు. పగులును కిందివైపుకు తిప్పి, నీరంతా కారిపోయి లోపల పూర్తిగా ఆరేవరకు కొన్ని రోజులు ఉంచాకే పూడ్చాలి. తడి మీద పూస్తే ఆ నీరు లోపలే ఉండిపోతుంది. పూడ్చడానికి ఎపాక్సీనే వాడాలి. పడవల మరమ్మతులో మామూలుగా వాడే పాలియెస్టర్ రెజిన్ ఆ ఫోమ్‌ను కరిగించేస్తుంది, చిన్న చిల్లు కాస్తా గుంట అవుతుంది. ఫిన్ స్క్రూలను చేతికి బిగువు తెలిసేంత వరకే తిప్పాలి.

ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు వెళ్లేవారు ఇంకొక సంగతి గమనించాలి. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప టెక్సస్‌లో మొదట 2009లో టెక్సోమా సరస్సులో బయటపడి, తర్వాత ఇతర సరస్సులకూ పాకింది. దాని పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి, కొద్దిపాటి నీటిలోనే ప్రయాణం చేస్తాయి. అందుకే 2014 జూలై నుంచి ఆ రాష్ట్రమంతటా పడవలు సరస్సును వదిలేటప్పుడు నీటినంతా తీసివేయడం తప్పనిసరి. బోర్డు సంచి అడుగున, ఫిన్ గుంటల్లో నిలిచిన నీటిని కూడా ఒంపేసి, తడి సంచిని వేరుగా ఎండలో పూర్తిగా ఆరేయండి.